చెరకు గడ, రెల్లు కాడ

గడ్డి కుటుంబంలో 11,000కు పైగా జాతులు ఉన్నాయి. వరి, గోధుమ, జొన్న, మొక్కజొన్న, వెదురు, గరిక అన్నీ ఆ కుటుంబానివే. వెదురును, గరికను విడివిడిగా గుర్తించడానికి శాస్త్రపరిజ్ఞానం అక్కరలేదు, చూపు చాలు. అయితే ఒకే ప్రజాతికి చెందిన జాతులను, అంటే ఉమ్మడి మూలం నుంచి ఇటీవలి కాలంలో విడిపోయిన దగ్గరి బంధువులను పోల్చవలసి వచ్చినప్పుడు పని కష్టమవుతుంది. ఎందుకంటే ఒకదానిలో ఉన్న ప్రతి కణజాలమూ రెండో దానిలోనూ ఉంటుంది, ఒకదాని ఆకులో కనిపించే పొరలన్నీ అదే వరుసలో రెండో దాని ఆకులోనూ కనిపిస్తాయి. అటువంటి చోట ఏయే భాగాలు ఉన్నాయని అడిగి ప్రయోజనం లేదు; ఏ భాగం ఎంత ఉంది, ఎక్కడ గుమిగూడింది, ఎక్కడ పలచబడింది, ఎంత కాలం సజీవంగా నిలిచింది అని అడగాలి. ఈ పద్ధతిని వివరించడానికి చెరకు, రెల్లు కంటే అనువైన జంట తెలుగు నేల మీద దొరకడం కష్టం. ఒకటి రైతు ముచ్చెలు నాటి, నీరు కట్టి, జడచుట్టి సాకే పంట. మరొకటి గోదావరి లంకల్లోను, ఏటి ఒడ్డు ఇసుకలోను, చెరువు గట్ల మీదను తనంత తాను పెరిగి శరదృతువులో తెల్లని వెన్నులు తీసే గడ్డి. రెండూ శాకరమ్ అనే ఒకే ప్రజాతికి చెందినవి.

శాస్త్రీయ నామాల్లో చెరకు శాకరమ్ అఫిసినేరమ్, రెల్లు శాకరమ్ స్పాంటేనియమ్. ఈ పోలికలోకి మూడో జాతిని కూడా తీసుకురావడం అవసరం: న్యూగినీ దీవిలో నదీతీరాల వెంట పెరిగే శాకరమ్ రొబస్టమ్. ఇది పది మీటర్ల దాకా పెరగగల దృఢమైన అడవి గడ్డి. అక్కడి ప్రజలు దాని గడలను కంచెలకు, ఇళ్ళ గోడలకు వాడతారు. ఈ రొబస్టమ్ నుంచే న్యూగినీ వాసులు వేల ఏళ్ళ క్రితం నమలడానికి మెత్తగా, తియ్యగా ఉన్న మొక్కలను ఏరుకుంటూ పోగా అఫిసినేరమ్ రూపొందిందని ఎక్కువమంది పరిశోధకులు అంగీకరిస్తున్నారు. అఫిసినేరమ్ కణంలో 80 క్రోమోసోములు ఉంటాయి. రెల్లులో ఆ సంఖ్య ఒక్కో ప్రాంతపు మొక్కలో ఒక్కో తీరుగా 40 నుంచి 128 దాకా మారుతుంది; ఆఫ్రికా నుంచి భారతదేశం మీదుగా పసిఫిక్ దీవుల దాకా వ్యాపించిన మొక్కలో ఇంత వైవిధ్యం ఉండడం ఆశ్చర్యం కాదు. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఈనాడు పొలాల్లో కనిపించే చెరకు శుద్ధమైన అఫిసినేరమ్ కాదు, రెల్లు రక్తం కొంత కలిసిన సంకరం. కాబట్టి ఈ వ్యాసంలో చెరకు అన్నచోట, ప్రత్యేకంగా చెప్పనప్పుడు, ప్రజనన శాస్త్రజ్ఞులు ఉన్నత చెరకు అని పిలిచే పాత అఫిసినేరమ్ రకాలనే ఉద్దేశించినట్టు గ్రహించాలి.

బయటి రూపంతో మొదలుపెడితే, రెండింటి కాండమూ కణుపులుగా, కణుపు నడిమి భాగాలుగా విభజితమై ఉంటుంది. ప్రతి కణుపు దగ్గర ఒక ఆకు పుడుతుంది. ఆ ఆకు కింది భాగం తొడుగుగా మారి కాండాన్ని చుట్టుకుంటుంది, పై భాగం పొడవైన పత్రదళంగా విచ్చుకుంటుంది, ఈ రెండూ కలిసేచోట లోపలివైపు నాలుక వంటి పలచని పొర ఒకటి నిలిచి ఉంటుంది. ఆకు రాలిన మచ్చకు పైన, కణుపు మీద ఒక కన్ను, దాని చుట్టూ వేరు మొలకల చుక్కల వరుస, ఆ వరుసకు పైన పెరుగుదల వలయం అనే సన్నని పట్టీ కనిపిస్తాయి. ఈ వలయంలోని కణాలు విభజన శక్తిని చాలాకాలం నిలుపుకుంటాయి. గాలివానకు పడిపోయిన గడ మళ్ళీ తల పైకెత్తగలగడానికి కారణం, నేలవైపు ఉన్న సగం వలయం ఎక్కువగా పెరిగి కణుపు దగ్గర వంపు తీసుకురావడమే. ఇంతవరకు చెరకుకు, రెల్లుకు మధ్య తేడా ఏమీ లేదు. తేడా కొలతల్లో మొదలవుతుంది. చెరకు గడ సాధారణంగా రెండు నుంచి నాలుగైదు సెంటీమీటర్ల మందంతో, ఇరవై నుంచి నలభై దాకా కణుపులతో ఉంటే, రెల్లు కాడ ఎక్కువ చోట్ల సెంటీమీటరుకు మించని మందంతో, పది లోపు కణుపులతో సరిపెట్టుకుంటుంది. నేల కింద తేడా ఇంకా పెద్దది: రెల్లు భూగర్భ కాండాలను పక్కలకు దూరంగా పంపి, ఇసుకను పట్టి ఉంచి, ఒక్క మొక్క నుంచి గుబురును సృష్టిస్తుంది, చెరకు మాత్రం మొదలు దగ్గరే పిలకలు పెట్టి ఆగిపోతుంది.

గడ మందం విషయంలో ఒక సంగతి గుర్తుంచుకోవాలి. మామిడి, వేప వంటి చెట్ల కాండంలో బెరడుకు, దారువుకు మధ్య ఒక విభాజ్య పొర ఉండి, ఏటేటా కొత్త కణాలను చేర్చి కాండాన్ని లావు చేస్తుంది. గడ్డి జాతుల్లో అటువంటి పొర లేదు. గడ ఎంత లావు కావాలన్నది దాని కొన దగ్గర, మొవ్వులో దాగి ఉన్న లేత దశలోనే చాలావరకు నిర్ణయమైపోతుంది. కణుపు నడిమి భాగం సాగి గట్టిపడిన తరువాత దానికి ఎంత నీరు, ఎంత ఎరువు ఇచ్చినా అది లావెక్కదు. అంటే చెరకుకు, రెల్లుకు మధ్య కంటికి కనిపించే పెద్ద తేడా, కొన దగ్గర ఉండే కొద్దిపాటి కణజాలపు ప్రవర్తనలోని తేడా నుంచి వచ్చినదే.

గడను అడ్డంగా కోసి పలచని పొరను సూక్ష్మదర్శిని కింద పెడితే, వెలుపలి నుంచి లోపలికి మూడు ప్రాంతాలు కనిపిస్తాయి. మొదటిది బాహ్యచర్మం, దాని మీద మైనపు పూత. బాహ్యచర్మంలో పొడవు కణాలు, పొట్టి కణాలు ఒకదాని తరువాత ఒకటి వస్తాయి. పొట్టి కణాల్లో కొన్ని ఇసుకకు మూలమైన సిలికాతో నిండి ఉంటాయి, కొన్ని నీటిని చొరనివ్వని బెండు పదార్థంతో గోడలు పూసుకుని ఉంటాయి. రెండోది దాని కింద ఉన్న గట్టి పెచ్చు: మందమైన, లిగ్నిన్‌తో బిరుసెక్కిన గోడలు గల నారకణాలు ఇక్కడ దగ్గర దగ్గరగా అమరి ఉంటాయి. మూడోది మిగిలిన లోపలి భాగమంతా: పలచని గోడలు గల పెద్ద మృదుకణాలు, వాటి మధ్య వెదజల్లినట్టు పడి ఉన్న నాళికాపుంజాలు. నాళికాపుంజం అంటే నీటిని పైకి తీసుకుపోయే దారువు, ఆకులో తయారైన చక్కెరను కిందికి తీసుకువచ్చే పోషక కణజాలం కలిసి ఉన్న సన్నని కట్ట. పెచ్చు దగ్గర ఈ పుంజాలు చిన్నవిగా, దట్టంగా, చుట్టూ దళసరి నారతో ఉంటాయి. మధ్యకు వెళ్ళే కొద్దీ పెద్దవై, ఎడమై, నార కవచం పలచబడి ఉంటాయి. చెరకు నమిలినప్పుడు పిప్పిగా మిగిలేది ఈ పుంజాల నార, పెచ్చు. రసంగా దిగేది మృదుకణాల లోపలిది.

రెల్లు కాడను ఇదే విధంగా కోస్తే ఇవే మూడు ప్రాంతాలు ఇదే వరుసలో ఉంటాయి, కాని నిష్పత్తి తారుమారవుతుంది. కాడ సన్ననిది కనుక మొత్తం వైశాల్యంలో పెచ్చు వాటా పెరుగుతుంది, ఒకే వైశాల్యంలో పుంజాలు ఎక్కువ పడతాయి, వాటి మధ్య మృదుకణాలకు మిగిలే చోటు తగ్గుతుంది. ఆ మిగిలిన కొద్ది చోటులోనూ మధ్యభాగపు మృదుకణాలు చాలావరకు తొందరగా చచ్చిపోయి, రసం ఇంకిపోయి, గాలితో నిండిన తెల్లని బెండుగా మారుతాయి. కొన్ని కాడల్లో నడుమ బోలుగా కూడా ఉంటుంది. చెరకు రైతులు పూత వచ్చిన గడ బెండుబారిందని చెప్పేది ఈ మార్పునే. చెరకులో అది పూత వల్లనో, ముదరడం వల్లనో వచ్చే లోపం, రెల్లుకు అది పుట్టుకతో వచ్చిన తీరు. గోడల గట్టిదనం మీద నిలబడే కాడకు మధ్యలో సజీవ కణాలను పోషించవలసిన అవసరం లేదు. వరద తాకిడికి వంగి లేవడానికి బోలు కాడ చాలు.

అయితే మందమే తీపికి కారణమని అనుకుంటే పొరపాటు. ఇక్కడే రొబస్టమ్ సాక్ష్యం పనికివస్తుంది. దాని గడ ఉన్నత చెరకు గడతో పోటీపడేటంత లావుగా ఉండగలదు, అయినా నమలడానికి వీలుకానంత గట్టిగా, చప్పగా ఉంటుంది. కనుక న్యూగినీ వాసులు ఎంచుకున్నది లావును కాదు. పుంజాల చుట్టూ నార తక్కువగా, మృదుకణాలు ఎక్కువగా, పైగా అవి ఎక్కువ కాలం బ్రతికి ఉండే గడను. చక్కెర కణంలోని రసపు సంచిలో, అంటే రిక్తికలో నిలువ ఉంటుంది కనుక, కణం చస్తే ఆ సంచి ఉండదు, సంచి లేకపోతే నిలువ ఉండదు. ఉన్నత చెరకులో పండిన గడ రసంలో సుక్రోజు 15 నుంచి 20 శాతం దాకా చేరుతుంది, రెల్లు రసంలో అది కొద్ది శాతమే. రెల్లుకు వచ్చిన చక్కెరలో ఎక్కువ భాగం గోడలు కట్టడానికి, కొత్త పిలకలు వేయడానికి, భూగర్భ కాండాన్ని పొడిగించడానికి ఖర్చయిపోతుంది.

ఆకు దగ్గరకు వస్తే మొదట కనిపించే తేడా వెడల్పే. చెరకు పత్రదళం నాలుగు నుంచి ఆరు సెంటీమీటర్ల వెడల్పు ఉంటే, రెల్లు ఆకు సాధారణంగా సెంటీమీటరు కూడా ఉండదు. కొన్ని రెల్లు రూపాల్లో ఆకు మొదలు దగ్గర పత్రదళం దాదాపు మాయమై మధ్య ఈనె ఒక్కటే మిగులుతుంది. మధ్య ఈనె నిర్మాణం రెండింటిలోనూ ఒకటే: పైవైపు రంగులేని మృదుకణాల దిండు, అందుకే అది తెల్లగా కనిపిస్తుంది, కిందివైపు వరుసగా నాళికాపుంజాలు, వాటిని ఆనుకుని నార. వెడల్పయిన చెరకు ఆకు తన బరువుకు కొన దగ్గర వాలిపోతుంది, ఇరుకైన రెల్లు ఆకు నిటారుగా నిలబడి గాలిని కోస్తుంది. రెండింటి అంచుల్లోనూ సిలికా నిండిన సూక్ష్మమైన ముళ్ళు రంపపు పళ్ళలా ఉంటాయి, చెరకు తోటలో పనిచేసేవారి చేతులు గీసుకుపోయేది వీటివల్లే.

ఆకు పై పొరలో, పుంజాలకు మధ్య, విసనకర్ర ఆకారంలో గుంపులుగా పెద్ద పారదర్శక కణాలు ఉంటాయి. ఎండ తీవ్రమైనప్పుడు ఇవి నీరు కోల్పోయి కుంచించుకుపోతాయి, దానితో ఆకు లోపలికి చుట్టుకుంటుంది, ఎండకు తగిలే వైశాల్యం తగ్గుతుంది. పత్రరంధ్రాలు రెండు ముఖాల మీదా వరుసలుగా ఉన్నా కిందివైపే ఎక్కువ. ప్రతి రంధ్రాన్ని నడుము సన్నమై చివరలు ఉబ్బిన రెండు రక్షకకణాలు కాపలా కాస్తాయి. ఈ వివరాలన్నీ చెరకుకూ రెల్లుకూ ఉమ్మడివే. సిలికా కణాల ఆకారం, పొట్టి కణాల అమరిక, ముళ్ళ సాంద్రత వంటి బాహ్యచర్మ లక్షణాలను గడ్డి జాతుల వర్గీకరణకు విస్తృతంగా వాడుకోవడం ఇరవయ్యో శతాబ్దపు తొలి సగంలో మొదలైంది, 1960లో సి.ఆర్. మెట్‌కాఫ్ ప్రచురించిన ఏకదళబీజాల అంతర్నిర్మాణ గ్రంథంలోని గడ్డి సంపుటం నేటికీ ఈ రంగంలో ఆధారగ్రంథంగా నిలిచి ఉంది. చెరకుకే ప్రత్యేకించి ఎర్నెస్ట్ ఆర్ట్‌ష్వాగర్ 1925లో వెలువరించిన అధ్యయనం కూడా అటువంటిదే.

ఆకు లోపలి నిర్మాణంలో అన్నిటికంటె ముఖ్యమైనది నాళికాపుంజం చుట్టూ ఉన్న పెద్ద కణాల వలయం. దీనిని పుంజపు తొడుగు అంటారు. వరి ఆకులో ఈ తొడుగు కణాల్లో హరితరేణువులు కొద్దిగానే ఉంటాయి. చెరకులోనూ రెల్లులోనూ అవి పెద్దవై, నిండుగా, బయటి గోడవైపు ఒదిగి ఉంటాయి. తొడుగు చుట్టూ పత్రాంతర కణాలు, అంటే ఆకు నడిమి ఆకుపచ్చని కణాలు, పూలదండలా చుట్టుకుని నిలుస్తాయి. ఆస్ట్రియా వృక్షశాస్త్రజ్ఞుడు గాట్లీబ్ హాబర్లాంట్ ఈ అమరికను పందొమ్మిదో శతాబ్దంలోనే వర్ణించినా, అది దేనికి ఉపయోగపడుతుందో తేలడానికి దాదాపు ఎనభై ఏళ్ళు పట్టింది. 1965లో హవాయిలో కోర్ట్‌షాక్, హార్ట్, బర్ అనే ముగ్గురు రేడియోధార్మిక కార్బన్‌ను చెరకు ఆకుకు అందించి, అది మొదట చేరేది సాధారణ మొక్కల్లోలాగా మూడు కార్బన్ల పదార్థంలో కాక నాలుగు కార్బన్ల ఆమ్లాల్లో అని ప్రకటించారు. 1966లో ఆస్ట్రేలియాలో హాచ్, స్లాక్ ఆ మార్గాన్ని పూర్తిగా వివరించడం మొదలుపెట్టారు. పత్రాంతర కణం గాలిలోని కార్బన్ డయాక్సైడును పట్టి నాలుగు కార్బన్ల ఆమ్లంగా మార్చి పక్కనే ఉన్న తొడుగు కణానికి అందిస్తుంది. అక్కడ అది మళ్ళీ విడుదలై, గాఢత పెరిగి, చక్కెరగా మారుతుంది. ఎండ, వేడి ఎక్కువైన చోట వరి వంటి మొక్కలకు జరిగే వృథా దీనివల్ల చాలావరకు తప్పుతుంది.

ఈ సరఫరా సాగాలంటే పత్రాంతర కణం తొడుగుకు చేరువలో ఉండాలి. అందువల్ల చెరకు, రెల్లు ఆకుల్లో ఈనెలు ఎంతో దగ్గరగా ఉంటాయి: రెండు పక్కపక్క పుంజాల తొడుగుల మధ్య సాధారణంగా రెండు మూడు పత్రాంతర కణాలే పడతాయి, వరి ఆకులోనైతే ఆరేడు, అంతకుమించి కూడా ఉంటాయి. ఆస్ట్రేలియాకు చెందిన హాటర్స్‌లీ, వాట్సన్ 1975లో ఈ కణాల లెక్కతోనే ఒక గడ్డి ఏ మార్గాన్ని అనుసరిస్తుందో చెప్పవచ్చని చూపించారు. రసాయన పరీక్ష అక్కరలేదు, ఒక్క కోత చాలు. ఇక్కడ గమనించవలసినది ఏమిటంటే, ఆకులోని ఈ యంత్రాంగంలో చెరకు రెల్లు కంటె మెరుగైనది కాదు. పత్రవైశాల్యపు లెక్కన చూస్తే రెల్లు ఆకులే ఎక్కువ చురుకుగా పనిచేస్తాయని కొలతలు చూపించాయి. అంటే మనిషి వేల ఏళ్ళు ఎంచి ఎంచి మార్చినది చక్కెర తయారయ్యే చోటును కాదు, చక్కెర నిలువ ఉండే చోటును. చెరకు చరిత్ర మొత్తానికి ఇదే కీలకమని చెప్పవచ్చు.

ఈ తేడాలు ప్రజననంలో ఎలా పనిచేశాయో కోయంబత్తూరు చరిత్ర చెబుతుంది. 1912లో అక్కడ చెరకు ప్రజనన కేంద్రం ప్రారంభమైన తరువాత చార్లెస్ బార్బర్, టి.ఎస్. వెంకట్రామన్ ఉన్నత చెరకును స్థానిక రెల్లుతో సంకరం చేయించి, 1918లో ఉత్తర భారతదేశానికి కో 205 అనే రకాన్ని అందించారు. ఉన్నత చెరకు మెత్తని గడ ఉత్తరాది చలికి, నీటి ఎద్దడికి, ఎర్ర కుళ్ళు తెగులుకు తట్టుకోలేదు. రెల్లు తన వేర్లను, పిలకలను, పెచ్చును ఇచ్చి దానిని నిలబెట్టింది. అయితే రెల్లు ఇచ్చేదానితో పాటు బెండు, నార కూడా వస్తాయి కనుక, సంకరాన్ని మళ్ళీ మళ్ళీ ఉన్నత చెరకుతోనే కలపవలసి వస్తుంది. ఇందులో ప్రకృతి ఒక సాయం చేసింది. మామూలుగా తల్లి, తండ్రి చెరి సగం క్రోమోసోములు ఇవ్వాలి. ఉన్నత చెరకు తల్లి అయినప్పుడు మాత్రం తన 80నీ పూర్తిగా ఇస్తుంది, 64 క్రోమోసోములు గల కోయంబత్తూరు రెల్లు 32 ఇస్తుంది, సంకరంలో 112 చేరతాయి. ఫలితంగా కొద్ది తరాల్లోనే గడ లావై తీపి వైపు తిరుగుతుంది. ఈనాటి చెరకు రకాల క్రోమోసోముల్లో రెల్లు వాటా స్థూలంగా పది నుంచి ఇరవై శాతం మధ్య ఉంటుంది, నరికిన మోళ్ళ నుంచి కార్శి తోట మళ్ళీ మళ్ళీ చిగురించగలగడానికి ఆ కొద్ది వాటాయే ముఖ్య కారణం. 1930లలో కోయంబత్తూరులో పనిచేసిన జానకీ అమ్మాళ్ రెల్లు క్రోమోసోముల వైవిధ్యాన్ని వెలికితీయడమే కాక, చెరకును ఇతర ప్రజాతుల గడ్డితో కూడా సంకరం చేయించి చూశారు.

పోలిక సరిగా జరగాలంటే కొన్ని జాగ్రత్తలు తప్పవు. గడలో ఏ కణుపు నడిమి భాగాన్ని కోశారన్నదానిని బట్టి నార, మృదుకణాల నిష్పత్తి మారిపోతుంది: మొదలు దగ్గర గోడలు మందంగా, కొన దగ్గర పలచగా ఉంటాయి. ఆకు విషయంలో తొడుగు, పత్రదళం కలిసే చోటు స్పష్టంగా బయటపడిన పై ఆకును ఒకటో ఆకుగా లెక్కించే కైపర్ పద్ధతిని చెరకు పరిశోధకులు పాటిస్తారు. చెరకు ఒకటో ఆకును రెల్లు నాలుగో ఆకుతో పోల్చితే వచ్చేది జాతుల తేడా కాదు, వయస్సు తేడా. నీటి ఎద్దడిలో పెరిగిన చెరకు ఆకు కూడా ఇరుకై, నార పెరిగి రెల్లును తలపిస్తుంది. కాబట్టి రెండింటినీ ఒకే నేలలో, ఒకే తడి కింద పెంచి, ఒకే వయస్సులో కోసినప్పుడే తేడాను వంశానిదని చెప్పవచ్చు. నిర్మాణపు పోలికను మాత్రమే నమ్మడం కూడా ప్రమాదమే: ఉపనయనంలో వటువు మొలకు కట్టే ముంజ గడ్డిని రూపసామ్యం వల్ల చాలాకాలం శాకరమ్ ప్రజాతిలోనే ఉంచారు, జన్యు పరీక్షలు దానిని ట్రిపిడియమ్ అనే వేరే ప్రజాతికి చేర్చాయి.

కళాశాలల ప్రయోగశాలల్లో ఏకదళబీజ కాండానికి ఉదాహరణగా ఎక్కువగా మొక్కజొన్న కాడను ఒక్కదానినే కోయిస్తారు. రెల్లు ఏ ఏటి ఒడ్డునైనా ఖర్చు లేకుండా దొరుకుతుంది, చెరకు ఏ రసం బండి దగ్గరైనా దొరుకుతుంది. మధ్యాహ్నం కోసిన ఆకును ఆల్కహాలులో రంగు పోయేదాకా ఉంచి, పలచగా కోసి, ఒక చుక్క అయోడిన్ వేస్తే పుంజపు తొడుగులో పిండిపదార్థం నల్లని వలయంగా తేలుతుంది; కాండపు కోతకు సాఫ్రానిన్ రంగు పట్టిస్తే నార ఎక్కడెక్కడ ఎంత ఉందో ఎర్రగా కనిపిస్తుంది. అధ్యాపకులు ఈ రెండు మొక్కలను పక్కపక్కన పెట్టి విద్యార్థుల చేత పుంజాలను, వాటి మధ్య కణాలను లెక్క పెట్టించాలి.